సదరం కాగితం బడిలోనూ చెల్లుతుంది

ముదినేపల్లి, కైకలూరు వైపు ఏ ఊళ్లో అడిగినా, వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ అంటే పింఛను కాగితమే. బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన భద్రంగా ఉంటుంది. జనాన్ని తప్పుపట్టలేం. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6 వేలు అయింది, నేరుగా ఇంటికే వస్తోంది. కళ్లకు కనబడే హక్కు అదొక్కటే మరి. ఆ కాగితంలో బిడ్డ చదువు కూడా ఉందని చెప్పినవాళ్లు తక్కువ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య. దగ్గర్లోని బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది వాళ్ల ఇష్టం. 16వ సెక్షన్ అయితే రవాణా సౌకర్యం కూడా కల్పించాలంటుంది.

ఆ రవాణా అన్న మాటను కొల్లేటి చెరువు గట్ల మీదికి తెచ్చి చూడండి. చేపల లారీలు తొక్కిన దారి. నాలుగు చినుకులు పడితే చాలు, నల్లమట్టి చెప్పులకు అతుక్కుని కాలు లేవనివ్వదు. మూడు చక్రాల బండి అక్కడ కదలదు. ఎనిమిదేళ్ల మనవణ్ని అమ్మమ్మ చంకనేసుకుని తారు రోడ్డు దాకా రావాలి. బడికి చేరాక ర్యాంపు ఉంటుంది, నిజమే. నేను చూసిన ఒకచోట ర్యాంపు ఎక్కగానే తరగతి గదికి నాలుగంగుళాల గడప ఉంది. కాంట్రాక్టరుకు బిల్లు మాత్రం అయిపోయే ఉంటుంది.

1974లో కేంద్రం వికలాంగ బాలల సమీకృత విద్యా పథకం పెట్టింది. పథకం అంటే ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే లేదు. 18 ఏళ్ల దాకా ఉచిత విద్య అందించడం ప్రభుత్వ బాధ్యత అని 1995 చట్టం చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టంలో ఈ పిల్లలకు సరైన చోటు దక్కలేదు, 2012లో సవరించి చేర్చాల్సి వచ్చింది. అమెరికాలో 1975లోనే ఇలాంటి ప్రతి పిల్లాడికీ విడిగా చదువు ప్రణాళిక రాయాలని చట్టం తెచ్చారు. మన ఊళ్ల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ తల్లిదండ్రులకు ఆ ప్రణాళిక (ఐఈపీ) మీటింగులు బాగా తెలుసు.

ఇక్కడ చట్టం ఉన్నా కోర్టు మెట్లెక్కక తప్పలేదు. ముదినేపల్లి 2022 దాకా కృష్ణా జిల్లాలోనే ఉండేది. అదే జిల్లాలో మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టారు బొల్లా శ్రీకాంత్. పుట్టుకతో చూపు లేదు. పదో తరగతిలో 90 శాతం దాటి మార్కులొచ్చినా, బొమ్మలూ గ్రాఫులూ అంధుడికి ఎలా కుదురుతాయంటూ ఇంటర్లో సైన్స్ ఇవ్వలేదు. టీచరు అండతో హైకోర్టుకు వెళ్లి, నెలల తరబడి తిరిగి గెలిచారు. 98 శాతం తెచ్చుకున్నారు, అమెరికాలో ఎంఐటీలో చదివారు, తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ పరిశ్రమ పెట్టారు. 2024లో ఆయన కథ హిందీ సినిమాగా వస్తే చప్పట్లు కొట్టాం. 1995 చట్టం అమల్లో ఉండగానే ఒక పిల్లాడికి సైన్స్ సీటు ఇప్పించడానికి హైకోర్టు ఎందుకు కావలసి వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు. కోర్టు దాకా వెళ్లలేని పిల్లలు ఏ గ్రూపులో సర్దుకున్నారో!

ఇప్పుడు గేటు దగ్గర ఎవరూ ఆపడం లేదు. హాజరు పట్టీలో పేరు ఎక్కుతుంది. ఆ తర్వాతే చిక్కు. ఈ పిల్లలకు చెప్పడం వచ్చిన మాస్టారేరి? మండలాల్లో వీళ్ల కోసం భవిత కేంద్రాలున్నాయి. వాటిని నడిపే ప్రత్యేక టీచర్లు (ఐఈఆర్టీలు) ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తున్నారు. కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకూ వాళ్లే వెళ్లాలి. ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. కదలిక లేకపోయేసరికి 2025 మార్చిలో మళ్లీ గట్టిగా చెప్పింది. తర్వాతి నెలలో మన ఆంధ్రప్రదేశ్ 2,260 పోస్టులు మంజూరు చేసింది. మంచి పనే, ఆలస్యమైన పని. ఈ లెక్కను జీవోల్లో కాక మండలం వారీగా చూడాలి.

2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. ఈసారి అలాంటి పిలుపు వస్తే భోజనం చేసి వచ్చేయకండి. ప్రత్యేక టీచరు వారంలో ఏ రోజు వస్తారు, రవాణా భత్యం ఎవరి ఖాతాలో పడుతోంది, పరీక్షలో రాసిపెట్టే మనిషికీ అదనపు సమయానికీ ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి అని అడగండి. జవాబులను మినిట్స్ పుస్తకంలో రాయించి హెడ్మాస్టారి సంతకం తీసుకోండి.