బట్టలుతికిన దుమ్ముకు బాధ్యులెవరు?

ఆ మధ్య హైదరాబాదు శివారులోని ఒక బస్తీలో, సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాళ్ల జబ్బుల గురించి మీటింగు పెట్టుకున్నాం. వెనక కూర్చున్న ఒకామె లేచి, "ఆయన డ్యూటీ దిగితే పిండిమిల్లులోంచి వచ్చినట్టుండేవాడమ్మా. ఆ బట్టలు ఇరవయ్యేళ్లు దులిపి ఉతికింది నేను. మరి నా దగ్గు ఏ లెక్కలో రాస్తారు?" అని అడిగింది. ఆ దగ్గుకు కారణం ఆస్‌బెస్టాస్ దుమ్మేనని నేను చెప్పలేను. ఆమెకు పరీక్షలు చేయించాల్సిన బాధ్యత ఎవరిదో చట్టమూ చెప్పదు.

ఇలాంటి ముప్పు ఉందన్న సంగతి వైద్యులకు ఎప్పుడో తెలుసు. 1965లో లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ అనే పరిశోధకులు (ఇద్దరూ స్త్రీలే) మెసోథీలియోమా అనే కాన్సర్ వచ్చిన 76 మంది వివరాలు పరిశీలించారు. వాళ్లలో 9 మంది ఆస్‌బెస్టాస్ పని చెయ్యనే లేదు. ఆ పని చేసింది వాళ్ల ఇంట్లోవాళ్లు. భర్త పనిబట్టలు ఉతికిన భార్య కథే అందులో ఎక్కువగా కనబడింది.

మన సుప్రీంకోర్టు 1995 జనవరిలో, ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో, ఆరోగ్యం జీవించే హక్కులో భాగమేనంది. ఉద్యోగంలో చేరిననాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అప్పటిదాకా కార్మికుల ఆరోగ్య రికార్డులు ఉంచాలంది. ఎంతో పోరాడి తెచ్చుకున్న తీర్పు అది. కాని ఆ రికార్డు కార్మికుడిది. 1923 నాటి పరిహార చట్టం చూసినా, 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ చూసినా పరిహారం ఉద్యోగికి, అతను చనిపోతే అతనిమీద ఆధారపడినవాళ్లకు. అంటే ఈ చట్టాల్లో భార్య వితంతువుగా కనిపిస్తుందే తప్ప రోగిగా కనిపించదు. ఇంటి చాకిరీ పని కాదు కనుక ఆమెకు యజమాని లేడు, యజమాని లేడు కనుక బాధ్యుడూ లేడు.

ప్రమాదకర పరిశ్రమ నడిపేవాళ్లు తమ తప్పు ఉన్నా లేకపోయినా నష్టానికి పూర్తి బాధ్యులేనని 1986లో, ఢిల్లీ ఓలియం గ్యాస్ కేసులో, సుప్రీంకోర్టే చెప్పింది. అయితే ఆ తీర్పు దృష్టి ఒక్కరోజు జరిగే ప్రమాదం మీద. రోజూ చొక్కా మీద ఇంటికొచ్చే దుమ్ము ఏ రోజు ప్రమాదం?

ఇది అసాధ్యమైన కోరికేమీ కాదు. ఇంగ్లండులోని లీడ్స్‌లో జూన్ హాన్‌కాక్ ఫ్యాక్టరీలో పనిచెయ్యలేదు, చిన్నప్పుడు దాని పక్కన ఆడుకుంది. మెసోథీలియోమా వచ్చాక కేసు వేసింది. 1995లో గెలిచింది, 1996లో అప్పీలులోనూ గెలిచింది. ఫ్యాక్టరీ బాధ్యత గేటు దగ్గర ఆగదని ఆ కోర్టులు ఒప్పుకున్నాయి.

మన దగ్గర 2011లో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ నిషేధానికి ఒప్పుకోలేదు. రేకు కదలకుండా ఉన్నంతకాలం దుమ్ము తక్కువే. కోసినప్పుడు, బెజ్జం వేసినప్పుడు, పాతది పగలగొట్టినప్పుడు లేస్తుంది. ఆ ముక్కలు ఊడ్చి తట్టకెత్తేది మళ్లీ ఆడకూలీలే.

పనిబట్టలు ఫ్యాక్టరీలోనే ఉతికించాలనీ, వైద్యపరీక్షలు కుటుంబానికీ చెయ్యాలనీ, జబ్బు బయటపడిన రోజు నుంచే కేసు గడువు లెక్కించాలనీ మనం అడగాలి. ముందుగా మన సర్వే ఫారాలు చూసుకుందాం. "కుటుంబ పెద్ద వృత్తి" అనే గడి ప్రతిదాంట్లో ఉంది. ఆయన పనిబట్టలు ఎవరు ఉతికేవారు, ఎక్కడ, ఎన్నేళ్లు అన్న ప్రశ్న, నేను తయారుచేసినవాటితో సహా, ఒక్కదాంట్లోనూ లేదు.