మీ ఇష్టమండి

ఇంటర్వ్యూలన్నీ గట్టెక్కాక హెచ్‌ఆర్ నుంచి ఒక ఫోను వస్తుంది. "మీరెంత ఆశిస్తున్నారు?" అని అడుగుతారు. అప్పటిదాకా జావా మీద, డేటాబేసుల మీద గుక్క తిప్పుకోకుండా జవాబులు చెప్పిన పిల్లలు సరిగ్గా ఇక్కడే నీళ్లు నములుతారు. చివరికి ఎలాగో గొంతు పెగుల్చుకుని "మీ ఇష్టమండి, కంపెనీ రూల్స్ ప్రకారం ఇవ్వండి" అనేస్తారు.

ఆ జవాబులో మర్యాద ఉంది, భయమూ ఉంది. ఏది ఎంత పాలో చెప్పడం కష్టం.

మునగపాక వైపు ఇళ్లలో ఈ మాట విన్నప్పుడల్లా నాకు అనకాపల్లి బెల్లం మార్కెట్ గుర్తొస్తుంది. రైతు చెరకు నరికి, గానుగాడించి, పెనం దగ్గర పొగకు కళ్లు మండుతున్నా కదలకుండా నిలబడి, పాకం అదను చూసి దించి దిమ్మలు పోస్తాడు. ఇంత చేసినవాడు సరుకు యార్డుకు చేరగానే పక్కకు తప్పుకుంటాడు. కొలగార్లు దిమ్మలు దించి వరుసగా పేరుస్తారు. వర్తకులు రంగు చూసి, గట్టిదనం చూసి పాట పాడతారు. పసిమి తేలితే మొదటి రకం, నలుపు తిరిగితే మూడో రకం. ధర పలికేది వాళ్లు. రైతు తువ్వాలు భుజాన వేసుకుని వింటూ ఉంటాడు. ఆ బెల్లం గురించి అతనికి తెలిసినంత అక్కడ ఇంకెవరికీ తెలియదు. అయినా మాట్లాడడు. దిమ్మ రంగే తన తరఫున మాట్లాడుతుందని నమ్మకం.

ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడు మార్కుల జాబితా, ప్రాజెక్టు రిపోర్టు బల్లమీద పెట్టి తానూ పక్కకు తప్పుకుంటే ఆశ్చర్యం ఏముంది?

తాతల నాడు కళ్లం దగ్గర మేర కొలిచి పెట్టేవారు. వడ్రంగికింత, మంగలికింత, చాకలికింత అని ఊరి కట్టుబాటు. ఇంకో కుంచెడు కావాలని ఎవరూ నోరెత్తేవారు కాదు. అదంతా మంచితనమేనని ఇప్పుడు మురిసిపోవడానికి లేదు, ఎత్తే వీలు వాళ్లలో చాలామందికి లేదు. ఆ తర్వాత విశాఖలో షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు ఫ్యాక్టరీ వచ్చాయి. ఉద్యోగమంటే స్కేలు, గ్రేడు, కరువు భత్యం. అడగాల్సింది ఏదన్నా ఉంటే యూనియన్ అడిగేది. బడి మేస్టారికి పీఆర్సీ ఉండేది. తన జీతం సంగతి తానే, ఒంటరిగా, ఫోనులో తేల్చుకోవాల్సిన అవసరం చాలా ఇళ్లలో ఈ తరానికే మొదటిసారి వచ్చింది. ఎలా అడగాలో చెప్పడానికి ఇంట్లో పెద్దవాళ్లకూ తెలియదు పాపం.

పెద్ద పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లకూ ఈ తడబాటు తప్పలేదు. 2014 అక్టోబరులో అమెరికాలోని ఫీనిక్స్‌లో కంప్యూటర్ రంగంలో పనిచేసే మహిళల సదస్సు జరిగింది. మన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టి అప్పటికి ఎనిమిది నెలలు. జీతం పెంచమని అడగడానికి జంకే ఆడవాళ్లకు మీరేం చెబుతారని వేదికమీద అడిగితే, అడగడం కన్నా వ్యవస్థ మీద నమ్మకముంచడం మేలని, అడగకుండా పనిచేసుకుపోతే ఆ మంచి కర్మ ఎప్పటికైనా తిరిగొస్తుందని అన్నారు. లోకమంతా గొల్లుమంది. ఆయన ఆరోజే తన సిబ్బందికి ఉత్తరం రాసి, తన జవాబు పూర్తిగా తప్పని ఒప్పుకున్నారు. పెంపుకు అర్హులమని అనిపిస్తే అడిగేయండి అన్నారు.

ఆ మొదటి జవాబు విన్నప్పుడు చాలామందికి కోపం వచ్చింది. నాకు మాత్రం మన ఇంటి అరుగుమీద ఎవరో పెద్దాయన మాట్లాడినట్టే అనిపించింది. "నీ పని నువ్వు చెయ్యి, ఫలితం అదే వస్తుంది" అనే మాట వినకుండా మనలో ఎవరు పెరిగారు గనక?

అదే వేదికమీద ప్రశ్నలడుగుతున్న మరియా క్లావే అక్కడికక్కడే ఆయనతో విభేదించారు. ఆమె అప్పట్లో హార్వీ మడ్ కాలేజీకి అధ్యక్షురాలు, మైక్రోసాఫ్ట్ బోర్డులో సభ్యురాలు కూడా. ప్రిన్స్‌టన్‌లో ఇంజనీరింగ్ డీన్‌గా వెళ్లేటప్పుడు జీతమెంతో తేలకుండానే సరేననేశానని, బహుశా 50 వేల డాలర్లు తక్కువకు కుదిరి ఉంటానని చెప్పుకొచ్చారు. ముందు అలాంటి ఉద్యోగాలకు ఎంతిస్తున్నారో కనుక్కోండి, నమ్మకమైన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగడం సాధన చేయండి అన్నది ఆమె సలహా. అడగడానికీ సాధన కావాలంటే మొదట నవ్వొస్తుంది. కానీ పెళ్లిచూపులకు కూర్చునే ముందు పిల్లలకు ఎన్ని నేర్పి పంపుతామో తలుచుకుంటే అంత వింతగా ఉండదు.

ఉద్యోగంలో చేరాక కూడా ఈ జంకు వదలదు. ఏడాది చివర అప్రైజల్ ఫారంలో "ఈ ఏడాది మీరు సాధించినవి రాయండి" అని ఒక గడి ఉంటుంది. రాత్రి పదకొండింటికి ఆ గడి ముందు కూర్చుని, సగం పని తానొక్కతే లాగినా "టీమ్ అందరం కలిసి చేశాం" అని రాసి పంపేసే అమ్మాయిలు ఎందరో. తన గొప్ప తాను చెప్పుకుంటే లోకువవుతామని చిన్నప్పుడు అమ్మ చెప్పింది మరి. అమ్మది తప్పు అనను. ఆ ఫారం అమ్మ చూడలేదు, అంతే.

అలాగని అందరూ అడిగేయగలరా అంటే, అదీ కాదు. అడగడానికి ధైర్యం ఒక్కటే చాలదు. చేతిలో ఇంకో ఆఫరన్నా ఉండాలి, ఇంట్లో ఆర్నెల్ల గ్రాసమన్నా ఉండాలి. మునగపాక మీదుగా అచ్యుతాపురం సెజ్‌కు షిఫ్టు బస్సుల్లో వెళ్లే ఆడపిల్లలను ఎవరూ ఎంత ఆశిస్తున్నారని అడగరు. ఆ ప్రశ్న ఎదురవడం కూడా ఒక అదృష్టమే.

మాకు తెలిసిన ఇంట్లో ఒకమ్మాయికి ఈమధ్య ఆ అదృష్టం పట్టింది. ఆఫర్ లెటర్‌లో ఏడు లక్షలని రాసి ఉంది. తీరా విడమర్చి చూస్తే అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా కలిసి ఉంది, టార్గెట్ అందుకుంటేనే ఇచ్చే వేరియబుల్ కలిసి ఉంది. నెలకు చేతికొచ్చేది లెక్కవేసేసరికి మొహం చిన్నబోయింది.

"అడగనా నాన్నా?" అంది.

"వద్దులేమ్మా, చేతికొచ్చింది పోద్ది" అన్నాడాయన. నలభై ఏళ్లుగా యార్డులో వేరేవాళ్లు పలికిన ధరకు తలూపిన మనిషి.

ఆ అమ్మాయి తండ్రికి చెప్పకుండా అడిగింది. గొంతు వణకకుండా ఉండాలని నాలుగు ముక్కలు కాగితమ్మీద రాసుకుని మరీ అడిగింది. అటువైపు నుంచి "రేపు చెబుతాం" అన్నారు. ఆ రాత్రి ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు. మర్నాడు జీతం మార్చలేమన్నారు గానీ, చేరగానే లక్ష రూపాయలు జాయినింగ్ బోనస్ ఇస్తామన్నారు. ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలనే షరతుతో.

విషయం విని తండ్రి ఉబ్బితబ్బిబ్బవుతాడనుకుంది. ఆయన కాసేపు లెక్కేదో వేసుకుంటున్నట్టు ఊరుకుని, "ఏటమ్మా, అడిగితే ఇచ్చేదే అయితే ముందే ఎందుకివ్వలేదు? పోయినేడాది నీలాగే చేరినోళ్లకి కూడా ఇచ్చారా?" అన్నాడు.

వాళ్లలో ఆ అమ్మాయి క్లాస్‌మేట్లు ముగ్గురున్నారు. ఎవరూ అడగలేదట.