కణితి నయమైంది, ఎత్తు ఆగింది: మన ఇళ్ళలో గమనించవలసిన సంగతి

చిత్తూరు, కడప వైపు నుంచి వేలూరు సి.ఎం.సి.కి వచ్చే మనవాళ్ళకు దారి చూపడం మన సంఘానికి పాత పనే. ఈమధ్య మేల్పాడి, గుడియాత్తం ఇళ్ళ నుంచే ఒక కొత్త సందేహం వచ్చింది. ఆరేళ్ళప్పుడు మెదడు కణితికి ఆపరేషను, రేడియేషను జరిగిన బాబుకు ఇప్పుడు పదకొండేళ్ళు. జబ్బు తిరగబెట్టలేదు. కానీ రెండేళ్ళుగా అవే నిక్కర్లు సరిపోతున్నాయి. "వాళ్ళ తాతా పొట్టివాడే" అని ఇంట్లో సరిపెట్టుకున్నారు. మేమూ మొదట అదే అన్నాం. అది పొరపాటు.

ఎదుగుదల హార్మోను మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. ఆ గ్రంథిని నడిపేది దాని పైనున్న హైపోథాలమస్. తలకు రేడియేషను ఇచ్చినప్పుడు ఈ చోటు దెబ్బతింటే సాధారణంగా మొదట తగ్గేది ఈ హార్మోనే. 18 గ్రే దాటిన మోతాదుతో ముప్పు మొదలవుతుంది, 30 దాటితే బాగా ఎక్కువ. మెడుల్లోబ్లాస్టోమాకు తల, వెన్ను మొత్తానికి 23.4 లేదా 36 గ్రే ఇస్తారు. వెన్నెముక కూడా సరిగా పెరగదు. లోపం వెంటనే కాక, కొన్నేళ్ళకు బయటపడవచ్చు. అందుకే ఇంటివాళ్ళు రెండింటికీ ముడిపెట్టరు.

అయిదేళ్ళు దాటిన పిల్లలు యుక్తవయసు వచ్చేదాకా ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. నాలుగుకు తగ్గితే డాక్టరును అడగాలి. ఒక్కోసారి యుక్తవయసు ముందే వచ్చి, ఎత్తు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అదీ మోసమే. రేడియేషను పొందిన పిల్లల్లో ఒక్క ఐ.జి.ఎఫ్-1 రక్తపరీక్ష మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. బలం పొడులతో ఈ లోపం తీరదు.

చికిత్స ఉంది. రోజూ రాత్రి చర్మం కింద ఇంజెక్షను. కణితి మళ్ళీ వస్తుందన్న భయంతో కొందరు వెనకాడతారు. జబ్బు లేకుండా ఏడాది గడిచాక, క్యాన్సరు డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టవచ్చని 2018లో ఎండోక్రైన్ సొసైటీ సూచించింది. అయితే ఎముకల చివరలు మూసుకుపోతే ఎత్తు పెరగదు. ఇక్కడ ఆలస్యమే అసలు నష్టం.

ఖర్చు సంగతి. 2021 మార్చిలో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానం రెండో వర్గంలో, నిర్ధారణ అయిన ఎదుగుదల హార్మోను లోపానికి చికిత్సను పేర్కొంది. 2022లో సాయం పరిమితిని 50 లక్షల రూపాయలకు పెంచారు. దరఖాస్తు గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారానే. మనకు దగ్గరిది చెన్నై ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి. రేడియేషను వల్ల వచ్చిన లోపానికీ వర్తిస్తుందా అని అక్కడే రాతపూర్వకంగా అడగాలి. "నిర్ధారణ అయిన" అన్న మాట ఉంది గనుక పరీక్ష కాగితాలు లేకుండా వెళితే లాభం లేదు.

ఆఫీసు గుమాస్తాగా బతుకు గడిపిన చేతులతో చెబుతున్నాం: డిశ్చార్జి కాగితం, రేడియేషను మోతాదు చీటీ, పాత ఎత్తుల లెక్క ఒకే ఫైల్లో పెట్టండి. చీటీ పోయుంటే చికిత్స చేసిన ఆసుపత్రి రికార్డుల విభాగాన్ని అడగండి. ఆరు నెలలకొకసారి గోడకు నిలబెట్టి గీత గీసి, తేదీ వేయండి. ఆ బాబు ఫైలు ఇప్పుడు సిద్ధమైంది. మీ ఇంట్లోనూ అలాంటి పిల్లలుంటే సంఘానికి చెప్పండి, కాగితాలు కూర్చి పెడతాం.