సీల్‌కి బండి పేరుండదు, కొలతుంటుంది

పాత కార్ల మోజున్న మన సాఫ్ట్‌వేర్ జనానికి ఓ విన్నపం. ఆటోనగర్ కెళ్ళి "అన్నా, అంబాసిడర్ వెనక చక్రం ఆయిల్ సీల్ ఒకటియ్యి" అని అడగడం దయచేసి మానండి.

అంబాసిడర్ 1950ల చివర్నుంచి 2014 దాకా తయారైంది. పేరొక్కటే. లోపల ఇంజన్లు మారాయి, గేర్‌బాక్సులు మారాయి, బ్రేకులు మారాయి. పైగా ఒక బండి యాక్సిల్ ఇంకో బండికి తగిలించడం మన మెకానిక్కులకి మంచినీళ్ళ ప్రాయం. మీ హబ్బు ఆ బండితోనే పుట్టిందని గ్యారంటీ ఏంటి? వెర్షన్ నంబరు చూడకుండా చిన్న లైబ్రరీ కూడా ఎక్కించనివాళ్ళు, బ్రేకుల దగ్గరికొచ్చేసరికి పేరు చెప్పి పట్టుకొచ్చేస్తారు!

సీల్‌కి ముఖ్యంగా మూడు అంకెలు కావాలి: షాఫ్టు వ్యాసం, సీల్ కూర్చునే గుంట వ్యాసం, మందం. చాలా సీళ్ళ మీద 45-62-8 లాగా అచ్చుగుద్ది ఉంటాయి. ఊడదీసిన పాత సీల్‌ని మాత్రం నమ్మకండి. అంతకుముందు వేసినవాడూ అందాజుగానే వేసుండొచ్చు. వెర్నియర్ పెట్టి షాఫ్టునీ, గుంటనీ కొలవండి. ఇంజనీరింగ్ ల్యాబులో పట్టుకున్నదే కదా.

ఇంకో తిరకాసుంది. అంబాసిడర్ మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఇంగ్లండు బండి, అంగుళాల లెక్క. ఉదాహరణకి ఒకటిముప్పావు అంగుళమంటే 44.45 మిల్లీమీటర్లు. కొట్టాయన 45ది చేతిలో పెట్టి "అర మిల్లీమీటరేగా సార్, పట్టేస్తది" అంటాడు. పడుతుంది, కాదనను. కానీ సీల్ పెదవి షాఫ్టుని ఎంత బిగువుగా పట్టుకోవాలో తేల్చేది ఆ అర మిల్లీమీటరే. బయటి వ్యాసం తగ్గితే పేస్టు పూసి కూర్చోబెడతారు. అది రిపేరు కాదు, వాయిదా.

కారితే ఏమవుతుంది? ఆ గేర్ ఆయిల్ డ్రమ్ములోకి, బ్రేక్ షూల మీదకి పోతుంది. బ్రేకు నొక్కితే ఒక చక్రం ఆగుతుంది, ఇంకోటి జారుతుంది, బండి ఓ పక్కకి లాగుతుంది. నూనె తాగిన లైనింగుని పెట్రోలుతో కడిగి మళ్ళీ బిగించే మహానుభావులున్నారు. కడిగితే పోదు, మార్చాల్సిందే.

"ఆదివారం సరదాగా తిప్పే బండికి ఇంత అవసరమా?" అంటారు. టన్ను పైబడ్డ బండికీ, దానికి అడ్డమొచ్చిన పిల్లాడికీ ఆదివారమని తెలీదు బాబూ.

అందరూ మెకానిక్‌నే తిడతారు. అతన్ని సాయంత్రానికల్లా ఇచ్చెయ్యమని తొందరపెట్టేదెవరు? క్రోమ్ పాలిష్‌కి వేలు పోసి, సీల్ దగ్గర బేరమాడేదెవరు? ఓనరే.

కాబట్టి కొలిచి, కాగితం మీద రాసుకుని వెళ్ళండి. షాఫ్టు మీద పాత పెదవి కోసిన గాడి ఉందేమో గోటితో తడిమి చూడండి. ఉంటే కొత్త సీలూ కారుతుంది, ముందు దాని సంగతి చూడాలి. యాక్సిల్ బ్రీదర్ మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి మంచి సీల్‌ని కూడా కారేలా చేస్తుంది, శుభ్రం చేయించండి. స్ప్రింగున్న వైపు నూనెకేసి ఉండేలా బిగించమనండి.

సరైన సైజు దొరకలేదా? దొరికేదాకా బండిని షెడ్డులోనే ఉంచండి. ఫోటోలు అక్కడ కూడా బాగానే వస్తాయి :)