పరిశోధన పత్రికల తలుపు ఊరి గ్రంథాలయంలోనూ తెరవాలి

ద్రాక్షారామం: ఇక్కడి భీమేశ్వరాలయంలో గోడల మీద, స్తంభాల మీద వందలాది శాసనాలు ఉన్నాయి. 1923లో వెలువడిన దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో ఇవి అచ్చయ్యాయి. ఆనాటి దానాలు, పన్నులు, రాజుల వంశాల గురించి పండితులు వీటి ఆధారంగా వ్యాసాలు రాశారు. అటువంటి వ్యాసాలు చాలావరకు పరిశోధన పత్రికల్లోనే ఉంటాయి. శాసనం ఉన్న ఊరివాడు వాటిని చదవాలంటే డబ్బు కట్టాలి, లేదా విశ్వవిద్యాలయంలో చేరి ఉండాలి.

ఈ పత్రికలు ఇప్పుడు కంప్యూటర్‌లో దొరుకుతున్నాయి. విషయం పేరు కొడితే పాత, కొత్త వ్యాసాలు తెర మీదికి వస్తాయి. అయితే చందాలు భారీగా ఉంటాయి. అందుకే కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ కలిపి ఒకే చందా కట్టే పథకాన్ని 2024 నవంబరు 25న ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల పత్రికలు దాదాపు 13,000 ఇందులో ఉన్నాయి. 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలను లెక్కలోకి తీసుకున్నారు. రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఇది మేలు చేసే పనే. కాదనేవారు లేరు.

కాని ఆ డబ్బు ఎవరిది? 140 కోట్ల జనాభాకు పంచితే తలకు సుమారు 43 రూపాయలు. సబ్బుబిళ్ల కొన్నా పన్ను కట్టే కూలీ వాటా కూడా అందులో ఉంది. కొబ్బరిని పీడిస్తున్న సర్పిలాకార తెల్లదోమ 2016లో దేశంలో కనిపించింది. దాని మీద జరిగిన పరిశోధనలు ఆ పత్రికల్లోనే వస్తాయి. శాస్త్రజ్ఞులు చదువుకుంటారు. డిగ్రీ చదివి ఊళ్లో కొబ్బరితోట చూసుకునే రైతుబిడ్డకు మాత్రం తలుపు మూసే ఉంటుంది.

ఇంగ్లీషు వ్యాసాలు పల్లెలో ఎవరు చదువుతారని కొందరు అనవచ్చు. ఉపాధ్యాయులున్నారు, పట్టభద్రులున్నారు. ఒకరు చదివితే పదిమందికి చెబుతారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. ఆనాడు చదువు వచ్చినవారు ఎందరు? అయినా పుస్తకం ఊరి రేవుకు వచ్చింది.

ఇంటి పన్నుతో పాటు ప్రజలు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నారు. కనుక మండలానికి ఒక శాఖా గ్రంథాలయంలోనైనా, ఒక్క కంప్యూటర్ మీదనైనా ఈ పత్రికలు చదువుకునే వీలు కల్పించాలి. ఈలోగా ఉచితంగా దొరికేవి కొన్ని ఉన్నాయి. శోధ్‌గంగలో దేశంలోని విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలు లక్షల్లో ఉన్నాయి. భారత జాతీయ డిజిటల్ లైబ్రరీ కూడా అందరికీ తెరిచి ఉంది. గ్రంథపాలకులు వీటినైనా పాఠకులకు చూపించాలి. ప్రజాప్రతినిధులు మిగతా విషయాన్ని ఢిల్లీ దృష్టికి తీసుకువెళ్లాలి.