బ్యాంకు స్టేటుమెంటులు - మన చిట్టా ఆవర్జాలు

మన రాయచూరు జిల్లా నేత కుటుంబములలో లెక్కలు వ్రాయు పద్ధతి ఈ కొద్ది సంవత్సరములలో చాల మారినది. నూలు కొనుగోలు, కూలి చెల్లింపు, చీరల అమ్మకము పెక్కు చోట్ల బ్యాంకు ద్వారానో, చేతిలోని ఫోను ద్వారానో జరుగుచున్నవి. చిట్టా ఆవర్జాలు ఉండెడి పెట్టెపై కంప్యూటరు కూర్చున్నది. ఇప్పుడు మరియొక మెట్టు ముందుకు పోయి, బ్యాంకు ఇచ్చు స్టేటుమెంటును నేరుగా లెక్కల సాఫ్టువేరులోనికి ఎక్కించుకొను వీలు మన సహకార సంఘములకును, షావుకార్లకును, రెండు మూడు మగ్గములు గల ఆసాములకును అందుబాటులోనికి వచ్చినది. బెంగుళూరు కేంద్రముగా నడచు టాలీ మొదలగు సాఫ్టువేరులు ఈ పనిని చేయగలవు. నెలకు రెండు వందల పద్దులు చేతితో ఎక్కించు శ్రమ కొద్ది నిమిషములలో తీరును.

ఈ సౌకర్యమును మనవారు తప్పక వాడుకొనవలెననియే మా అభిప్రాయము. కాని, "ఇక చిట్టా ఎందుకు, అంతయు యంత్రమే చూచుకొనును" అని చిట్టా కట్టిపెట్టుట మాత్రము తగదు. అట్లు చేసినచో మొదట నష్టపడువాడు మగ్గముపై కూర్చున్న నేతగాడే. ఎట్లో వివరింతుము.

మార్పు మనకు క్రొత్త కాదు

లెక్కలలో మార్పు అనగానే మన పెద్దలు కొందరు వెనుకాడుదురు. వెనుకాడ బనిలేదు. రాయచూరు హైదరాబాదు సంస్థానములో ఉన్న రోజులలో ఇచ్చట చెల్లినది హాలీ సిక్కా. తుంగభద్ర దాటి కర్నూలు సీమలో అడుగు పెట్టినచో కల్దారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. ఏటి కిరుప్రక్కల బేరము చేయువారు ఈ రెండు నాణెముల లెక్కయు తప్పక తెలిసికొన్నవారే. 1956 నవంబరు 1న మన జిల్లా మైసూరు రాష్ట్రములో చేరినది. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చినవి. లెక్కలు వ్రాయువారు అదియు నేర్చుకొనిరి.

బ్యాంకులును అట్లే మారినవి. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసినది. 2020 ఏప్రిల్ 1న సిండికేటు బ్యాంకు కెనరా బ్యాంకులోను, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోను కలిసినవి. 2025 మే 1న మన రాష్ట్రములోని రెండు గ్రామీణ బ్యాంకులు ఒక్కటై బళ్ళారి కేంద్రముగా కర్ణాటక గ్రామీణ బ్యాంకు ఏర్పడినది. బ్యాంకు మారినపుడు స్టేటుమెంటులోని గడుల వరుసయు మారవచ్చును. నిన్నటి వరకు సరిగా చదివిన సాఫ్టువేరు నేడు తడబడవచ్చును. ఇన్ని మార్పులలోను మన చేతిలో నిలిచియుండునది మనము వ్రాసికొన్న చిట్టా ఒక్కటే.

యంత్రమునకు తెలియని సంగతి

స్టేటుమెంటు ఏమి చెప్పును? ఏ తేదీన, ఎంత సొమ్ము, ఏ ఖాతాకు పోయినది, ఏ ఖాతా నుండి వచ్చినది అని మాత్రము చెప్పును. ఎందుకు పోయినదో చెప్పజాలదు. బ్యాంకు ముఖము చూడని లావాదేవీని అసలే చెప్పజాలదు. మన వృత్తిలో ముఖ్యమైన సర్దుబాట్లు చాలవరకు ఈ రెండవ రకమునకు చెందినవే.

ఒక ఉదాహరణము చూతము. ఒక షావుకారు ఒక నేతగానికి 20,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చెను. చీరకు కూలి 6,000. చీర చీరకు అడ్వాన్సు క్రింద 2,000 పట్టుకొని, మిగిలిన 4,000 బ్యాంకు ద్వారా పంపుచున్నాడు. పది చీరలు దిగినవి. అడ్వాన్సు పూర్తిగా తీరినది. నేతగాడు ఋణము లేనివాడు.

ఇపుడు స్టేటుమెంటును ఎక్కించిన సాఫ్టువేరు ఏమి చూపును? 4,000 చొప్పున పది చెల్లింపులు, మొత్తము కూలి 40,000. పట్టుకొన్న 20,000 బ్యాంకులో ఎక్కడను కనబడదు. కావున అడ్వాన్సు ఖాతాలో ఆ 20,000 బాకీ అట్లే నిలిచియుండును. తీరిన బాకీ తీరనట్లు ఉండును. నడుమ గుమాస్తా మారినచో, లేక షావుకారు కాలము చేసి కొడుకు లెక్కలు చేతికి తీసికొన్నచో, కంప్యూటరు చూపు అంకెయే సాక్ష్యమగును. నేతగాని నోటిమాటకు విలువ యుండదు. ఒకసారి తీర్చినది మరల తీర్చవలసి వచ్చును.

షావుకారుకును ఇందు లాభము లేదు. అసలు కూలి ఖర్చు 60,000 కాగా పుస్తకములో 40,000 మాత్రమే పడినది. చీరల అడుగు ధర తక్కువగా కనబడును. లేని లాభము 20,000 ఉన్నట్లు తేలును. దానిపై పన్ను లెక్క కట్టబడును. అడుగు ధర తెలియక చీర వెల తగ్గించి అమ్ముకొనువారును కలరు.

దీనికి మందు ఒక్కటే. చీర దిగిన నాడే, ఫలానా చీర, కూలి ఇంత, అడ్వాన్సు క్రింద పట్టినది ఇంత, పంపినది ఇంత అని చిట్టాలో వ్రాయవలెను. నెలాఖరున స్టేటుమెంటు ఎక్కించిన తరువాత, చిట్టా చూచి సర్దుబాటు పద్దు వేయవలెను. సొమ్మునకు బదులు నూలు ఇచ్చిన సందర్భములకును ఇదే న్యాయము. చిలపలు బ్యాంకు గుండా పోవు గదా!

2025 నాటి పాఠము

చిట్టా లేకున్న ఏమగునో మన రాష్ట్రమంతయు 2025 జూలైలో చూచినది. వాణిజ్య పన్నుల శాఖవారు యూపీఐ ద్వారా వచ్చిన సొమ్ముల వివరము తెప్పించుకొని, 2021-22 మొదలు 2024-25 వరకు గల సంవత్సరములలో వసూళ్ళు 40 లక్షల హద్దు దాటిన చిన్న వర్తకులకు వేల సంఖ్యలో నోటీసులు పంపిరి. పన్ను లేని పాలు, కూరగాయలు అమ్మువారికి సైతము అవి చేరినవి. చాల అంగళ్ళలో క్యూఆర్ కాగితములు తీసివేసి రొక్కమే అడిగిరి. జూలై 23న ముఖ్యమంత్రి శ్రీ సిద్ధరామయ్యగారు వర్తక ప్రతినిధులతో మాట్లాడిన మీదట, పాత బకాయిల విషయమున ఊరట లభించినది. జీయస్టీ నమోదు మాత్రము చేసికొనవలెనని తేలినది.

పన్ను ఎగవేయుమని మేము చెప్పుట లేదు. హద్దు దాటినవారు నమోదు చేసికొనవలసినదే. సరుకు అమ్మువారికి ఏడాదికి 40 లక్షలు, సేవలకు 20 లక్షలు హద్దు. కూలికి నేసి ఇచ్చుట సేవ క్రిందకు వచ్చును. రాష్ట్రపు హద్దు దాటించి గద్వాలకో, హైదరాబాదుకో అమ్మువారి నియమములు వేరు గనుక ఆడిటరును అడిగి తెలిసికొనవలెను. మేము చెప్పునది ఏమన, ఖాతాలో పడిన ప్రతి రూపాయి అమ్మకము కాదు. అల్లుడు పంపిన చేబదులు, బ్యాంకు ఇచ్చిన నేత ముద్ర ఋణము, 2020లో మొదలైన నేకార సమ్మాన్ పథకము క్రింద వచ్చిన సహాయము, తిరిగి వచ్చిన అడ్వాన్సు - ఇవన్నియు స్టేటుమెంటులో అమ్మకపు సొమ్ముతో కలిసి ఒకే వరుసలో నిలుచును. ఏది ఏదో ఆనాడే వ్రాసిపెట్టుకొన్నవాడు నాలుగేండ్ల తరువాత అడిగినను జవాబు చెప్పగలడు. వ్రాసికొననివానికి అన్నియు అమ్మకములే.

ఎక్కించునపుడు జాగ్రత్తలు

1. వృత్తికి ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా ఉండవలెను. పెండ్లి ఖర్చును పడుగు నూలు ఖర్చును ఒకే ఖాతాలో కలిపినచో ఏ సాఫ్టువేరును విడదీయలేదు.

2. స్టేటుమెంటును బ్యాంకు నుండి ఎక్సెల్ లేక సీయస్వీ రూపమున తీసికొనుడు. పీడీఎఫ్ చదువుటకు బాగుండును గాని ఎక్కించుటలో చిక్కులు పెట్టును.

3. నెల మొదటి తేదీ నుండి ఆఖరి తేదీ వరకు ఒక్కసారి మాత్రమే తీసికొనుడు. తేదీలు ఒకదానిపై నొకటి పడినచో ఒకే పద్దు రెండుమార్లు ఎక్కు ప్రమాదము కలదు.

4. తేదీ వరుస చూచుకొనుడు. 05/07 అనునది జూలై 5 అని మనకు తెలియును. అమెరికా వరుసలో నుండు కంప్యూటరు దానిని మే 7 అని చదువును.

5. యూపీఐ పన్నెండంకెల సంఖ్యను ఎక్సెల్ ఒక్కొక్కపుడు కుదించి చూపును. ఆ గడిని ముందే అక్షర రూపమునకు మార్చియుంచుడు. తగవు వచ్చినపుడు చెల్లింపును పట్టి యిచ్చునది ఆ సంఖ్యయే.

6. మనము బ్యాంకులో కట్టినది బ్యాంకు పుస్తకములో క్రెడిట్. మన పుస్తకములో బ్యాంకు ఖాతాకు డెబిట్. ఈ రెండును తారుమారైనచో వచ్చినది పోయినట్లును, పోయినది వచ్చినట్లును పడును.

7. ఎందుకో తెలియని పద్దును ఊహించి కూలికో, అమ్మకమునకో వేయకుడు. అనామతు ఖాతాలో ఉంచి, విచారించి, మరుసటి నెల పదవ తేదీలోగా తేల్చుడు.

8. చివరకు ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ రెండును స్టేటుమెంటుతో సరిచూడుడు. ఇచ్చిన చెక్కు ఇంకను బ్యాంకుకు రాకపోవుట వలన తేడా యున్నచో దానిని విడిగా వ్రాసి పెట్టుడు.

9. బ్యాంకు రహస్య సంఖ్యలు, ఓటీపీలు సాఫ్టువేరు అమర్చ వచ్చిన వానికైనను చెప్పరాదు. స్టేటుమెంటు ఎక్కించుటకు వానితో పనిలేదు.

ఇవన్నియు నేర్చుట కష్టము కాదు. కామర్సు చదివిన పిల్లలు మన ఇండ్లలో చాలమంది కలరు. ఒకరోజు కూర్చుండిన పట్టుబడును. పిల్లలకు యంత్రము తెలియును; ఏ సొమ్ము ఎందుకు పోయినదో పెద్దలకు తెలియును. ఇరువురును కలిసి కూర్చున్ననే లెక్క కుదురును.

మన కర్తవ్యము

సంఘములకును షావుకార్లకును మా మనవి ఇది. నెలకొకసారి, స్టేటుమెంటు ఎక్కించి సరిచూచిన తరువాత, ప్రతి నేతగాని ఖాతాను అతనికి తెలుగులో చదివి వినిపింపుడు. వచ్చిన కూలి, పట్టిన అడ్వాన్సు, మిగిలిన బాకీ మూడును అతని చేతి పుస్తకములో వ్రాసి సంతకము చేయుడు. కంప్యూటరులోని ఇంగ్లీషు పద్దు అతనికి అక్కరకు రాదు. సహకార సంఘములకు 1959 నాటి చట్టము ప్రకారము ఆడిటు ఎట్లును ఉన్నది. కాని ఆడిటరు చూచునది కాగితములు పొందికగా ఉన్నవా అని. ఆ చీరకు కూలి ఎంత అనుకొనిరో నేతగానికే తెలియును.

నేతగాండ్రకు మా మనవి మరియొకటి. ఇంటిలో ఒక చిన్న పుస్తకము పెట్టుకొనుడు. చీర దిగిన తేదీ, కూలి, పట్టుబడి, చేతికి వచ్చినది - నాలుగు గడులు చాలును. అక్షరము రానివారు బడికి పోవు బిడ్డచేత వ్రాయింపుడు. అడుగుటకు మొగమాట పడకుడు. లెక్క అడుగుట అనుమానము కాదు, అది మన హక్కు.

తుంగభద్ర కావల ఎమ్మిగనూరులో శ్రీ మాచాని సోమప్పగారు 1938లో నేత సహకార సంఘమును నెలకొల్పిరి. భారత ప్రభుత్వము 1954లో వారికి పద్మశ్రీ ఇచ్చి గౌరవించినది. సంఘమనునది ఒకరి మీద ఒకరికి గల నమ్మకముపై నిలుచును. ఆ నమ్మకము ఏ ఊరనైనను లెక్క తేటగా ఉన్నంతకాలమే యుండును.

పడుగులో పోగు తెగినచో అప్పుడే ముడివేసి ముందుకు పోవుదుము. నాలుగు బారలు నేసిన తరువాత వెనుకకు తిరిగి ముడివేయు నేతగాడు లేడు. లెక్కలును అంతే. ఈ నెల పద్దు ఈ నెలలోనే సరిచూచుకొనుట మన మగ్గము మనకు నేర్పిన పనియే. యంత్రమును పిలుచుకొందము, శ్రమను దానికి అప్పగింతము. చిట్టాను మాత్రము మన చేతిలోనే ఉంచుకొందము.