పోత ఇనుముకు పునర్జీవం: పెరటిలోని రబ్బరు యంత్రాన్ని ఏమి చేయాలి?

ఇంగ్లండులో పాత ఇళ్ళు కొనుక్కున్నవారు పలువురు ముచ్చటపడి చేసుకొనే పని ఒకటున్నది. గోడలో అమర్చిన పోత ఇనుప ఫైర్‌ప్లేసుకు పట్టిన రంగుల పొరలను ఒలిచి, తుప్పు వదిలించి, గ్రాఫైట్ పూతతో నల్లగా నిగనిగలాడించడం. సెలాంగోర్ రాష్ట్రం కువాలా లంగాట్ జిల్లాలోని బంటింగ్‌లో చలిమంట అవసరమయ్యే రాత్రి రాదు. అయినా అదే లోహం, అదే తుప్పు, అదే ప్రశ్న అక్కడి పెరళ్ళలోనూ ఎదురవుతాయి. అక్కడ అది ఫైర్‌ప్లేసు కాదు. రబ్బరు షీట్లను ఒత్తిన చేతి యంత్రం, ఆంగ్లేయులు మాంగిల్ అన్నది.

1877లో సింగపూరు చేరిన 22 రబ్బరు మొక్కల సంతతి మలయా భూములను కప్పివేసిన కథ ప్రవాసాంధ్ర కుటుంబాలకు కొత్త కాదు. తెల్లవారకముందే చెట్లు గీసి పాలు మోసిన చేతులలో తెలుగు చేతులూ ఉన్నవి. పెద్ద ఎస్టేట్లలో షీట్లు ఫ్యాక్టరీలో తయారయ్యేవి. చిన్నతోటల వారు మాత్రం పళ్ళాలలోని పాలను ఫార్మిక్ ఆమ్లంతో పేరబెట్టి, ఆ ముద్దను ముందు నున్నని రోలర్ల మధ్య, తరువాత గాడుల రోలర్ల మధ్య నడిపి, నీరు కార్చి దండెం మీద ఆరవేసేవారు. క్రమంగా పామాయిల్ తోటలు రబ్బరు స్థానాన్ని ఆక్రమించినవి. మిగిలిన చిన్న రైతులు అనేకులు కప్పులోనే గడ్డకట్టిన రబ్బరును అమ్మడానికి అలవాటుపడినారు. యంత్రానికి పని పోయినది.

పని పోయిన యంత్రానికి సాధారణంగా రెండు గతులు. పాత ఇనుము వర్తకునికి తూకానికి వేయడం ఒకటి. ఇసుకదెబ్బతో గీకించి, వెండిరంగు పూయించి, ముంగిట పూలకుండీల నడుమ నిలబెట్టడం రెండవది. రెండవది మొదటిదానికంటె మేలని చాలామంది తలపోస్తారు. నిజానికి దాని వలన కలిగే నష్టమూ తక్కువది కాదు. పిడి పట్టిన చోట ఏర్పడిన నునుపు, పోతపోసినవారి అచ్చు అక్షరాలు, గాడుల అరుగుదల, వీటిలోనే ఆ యంత్రం చరిత్ర ఉన్నది. ఇసుకదెబ్బ తుప్పునూ చరిత్రనూ వేరు చేసి చూడదు.

అసలు తుప్పు ఎందుకింత త్వరగా పడుతుంది? గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఇనుము తుప్పుపట్టే వేగం పెరుగుతుంది. బంటింగ్ వంటి చోట తేమ అంతకు దిగడమే అరుదు. సముద్రం దగ్గర గనుక గాలిలో ఉప్పు ఉన్నది. వీటికి తోడు ఏళ్ళ తరబడి రోలర్ల సందులలో నిలిచిన ఆమ్లపు నీరు. తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, స్పంజివలె తేమను పట్టి ఉంచుతుంది. కనుకనే మరలు బిగుసుకొనిపోతాయి.

ఇక్కడ తొందరపాటు పనికిరాదు. విరిగిన ఇనుమును కాచి అతకవచ్చునని వేమన చెప్పినది కొలిమిలో సాగే ఇనుము మాట. పోత ఇనుములో కర్బనం సుమారు 2 నుండి 4 శాతం ఉండి, గ్రాఫైట్ రేకులుగా పరచుకొని ఉంటుంది. అది సమ్మెటకు సాగదు, పగులుతుంది. బిగిసిన మరకు నూనె పోసి రోజుల తరబడి వేచి ఉండడమే మార్గం. చట్రాన్ని చెక్కతో మెల్లగా తట్టితే గంటవలె మ్రోగాలి. బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నదని అనుమానించాలి.

పాత రంగులలో సీసం ఉండవచ్చును గనుక పొడిగా గీకరాదు. తడిపి గీకాలి, పిల్లలను దూరంగా ఉంచాలి. ఘాటైన ఆమ్లంలో ముంచడం మరొక పొరపాటు. ఆమ్లం ఇనుమును తిని గ్రాఫైట్‌ను మిగులుస్తుంది, సూక్ష్మరంధ్రాలలో దాగి మళ్ళీ తుప్పు రేపుతుంది. చిన్న భాగాలకు చాకలి సోడా నీటిలో విద్యుద్విశ్లేషణ మేలు. అయితే అందులో హైడ్రోజన్ వెలువడుతుంది, ఆరుబయటనే చేయాలి. రెండవ ధ్రువంగా మామూలు ఇనుప ముక్క చాలును. స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం లవణాలు పుట్టవచ్చును.

పెద్ద చట్రానికి తెలుగువారికి చిరపరిచితమైన రసాయనమే ఉన్నది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిస్తే నీలి నలుపు పదార్థం ఏర్పడుతుంది. కలంకారీ వస్త్రంపై నల్లరంగు పుట్టేది ఇందువలననే. కరక్కాయ, అన్నభేదిలతో సిరా కాచినదీ ఇందుకే. పెళుసు తుప్పును తీగ బ్రష్‌తో రాల్చి, మిగిలిన పలుచని పొరపై టానిన్ ద్రావణం పూస్తే ఆ తుప్పే నల్లని పొరగా మారుతుంది. ఆరిన తరువాత అవిసె నూనెగాని మైనంగాని పలుచగా రుద్దాలి. నూనె గుడ్డలను ఉండచుట్టి పారవేయరాదు, వాటంతట అవే అంటుకోగలవు. కొన్ని నెలలకొకసారి ఈ పూత మరల వేయవలసినదే.

బ్రష్ పట్టుకొనడానికి ముందు చేయవలసిన పని ఒకటి తరచు మరుపున పడుతున్నది. రోలర్లు త్రిప్పిన పెద్దలను ఆ యంత్రం ప్రక్కన కూర్చుండబెట్టి, ఏ మర ఎంత బిగించితే షీటు ఎంత పలుచన అయ్యేదో, ముద్దను ఏ వైపునుండి అందించేవారో వ్రాసుకొనాలి. ఆ వివరం ఏ ద్రావణంలోనూ దొరకదు. చెప్పగలవారు ఏటేటా తగ్గిపోతున్నారు. వారు ముందుగా చెప్పేది బహుశః వ్రేళ్ళను గురించియే అయి ఉంటుంది. రోలర్లు మరల తిరగసాగిన నాటినుండి, ఎవరూ దగ్గర లేనప్పుడు వాటి నడుమ ఒక చెక్క మేకు బిగించి ఉంచాలి.